వేషం వేయని వస్తువులు

పారేసిన వస్తువులతో శిల్పాలు చేసేవారికి ఇప్పుడు కొదవ లేదు. పాత నట్లు, బోల్టులు అతికించి ఏనుగునో గుర్రాన్నో నిలబెడితే చూసేవాళ్లు ముచ్చటపడతారు గానీ, ఆ ఇనుము అంతకుముందు ఎక్కడ పనిచేసిందో ఎవరికీ పట్టదు. నారీ వార్డ్ శిల్పాలు నన్ను ఆకట్టుకోవడానికి కారణం, ఆయన వస్తువు చేత అలా వేషం వేయించకపోవడమే.

1963లో జమైకాలో పుట్టి, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో స్థిరపడిన వార్డ్, 1993లో ఆ పేటలోనే మూతపడిన ఒక అగ్నిమాపక కేంద్రంలో ‘అమేజింగ్ గ్రేస్’ను ఏర్పాటు చేశారు. వీధుల్లో వదిలేసిన పసిపిల్లల స్ట్రోలర్లను 300కు పైగా పోగుచేసి, వాటిని అగ్నిమాపక గొట్టాలతో బిగించి, ఓడ అడుగుభాగం ఆకారంలో పేర్చారు. మాదకద్రవ్యాలు, ఎయిడ్స్ హార్లెమ్‌ను కుంగదీసిన కాలమది. నిలువనీడ లేనివారు తమ సామానంతా స్ట్రోలర్లలో వేసుకుని తోసుకుంటూ తిరిగేవారు. అంటే, ఒకప్పుడు బిడ్డను మోసిన బండే ఆ తర్వాత ఒక మనిషికి ఇల్లూ వాకిలీ అయిందన్నమాట. ఫొటోల్లో చూసినా సరే, మాసిన సీటు గుడ్డలు, వంకరపోయిన చక్రాలు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. వాటికి రంగు వేసి కొత్తదనం తేవాలని ఆయన అనుకోలేదు.

ఆ గదిలో గాయని మహాలియా జాక్సన్ పాడిన ‘అమేజింగ్ గ్రేస్’ అనే క్రైస్తవ కీర్తన వినిపిస్తూ ఉంటుంది; శిల్పం పేరూ అదే. ఆ కీర్తన రాసిన జాన్ న్యూటన్, అంతకుముందు బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్‌గా పనిచేసినవాడని తెలిశాక, స్ట్రోలర్ల వరుసలోని ఓడ నాకు ఇక అలంకారంగా కనిపించలేదు. 2013లో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియం ఈ కృతిని మళ్లీ ప్రదర్శించింది. అది మంచిదే; కాకపోతే ఆ గొట్టాలకు అగ్నిమాపక కేంద్రంతో ఉన్న చుట్టరికం వేరే చోట ఎలా వస్తుంది?

వార్డ్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది 2011 నాటి ‘వీ ద పీపుల్’. అమెరికా రాజ్యాంగ పీఠికలోని తొలి మూడు మాటలను రంగురంగుల బూట్ల లేసులతో గోడ మీద రాశారు. లేసుల కొసలు కిందికి వేలాడుతూ అక్షరాల అంచులను చెరిపేస్తాయి. దగ్గరికి వెళ్లేకొద్దీ మాట చెదిరిపోయి లేసులే మిగులుతాయి. ఆలోచన పదునైనదే, కాదనను. కానీ అక్కడ ముందు మాట పుట్టి, దానికోసం లేసులు వచ్చినట్టు నాకు అనిపిస్తుంది. స్ట్రోలర్ల దగ్గర అలా కాదు, వస్తువే ముందు మాట్లాడుతుంది. అందుకే నా ఓటు వాటికే.