కోడి అరికాలి గడ్డ: మందు కంటే ముందు నేల

మా వీధిలో ఎవరి కోడి కుంటినా ముందు మా గుమ్మంలోకే తెస్తారు. నేను పశువైద్యం చదవలేదు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. గుంటూరులో గుజ్జనగుండ్ల వైపు పాత ఇల్లు, వెనక కాస్త పెరడు, అందులో నాలుగు నాటు పెట్టలు, రెండు వనరాజా పెట్టలు, అన్నిటి మీదా పెత్తనం చేసే డేగ పుంజు ఒకటి. ఇన్నేళ్లుగా వాటి కాళ్లు పట్టుకోవడమే ఈ విషయంలో నాకున్న చదువు.

కుంటే ప్రతి కోడికీ కాలిలో పుండు ఉంటుందనుకోవద్దు. ఎదుగుతున్న కోడి ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ అనే జబ్బు కావచ్చు. మెడ మెలితిరిగి, పచ్చగా పారుతూ, కాళ్లు చచ్చుబడితే కొక్కెర తెగులని అనుమానించాలి. రెండూ వైరస్ రోగాలే. వాటికి కట్లు కట్టి ప్రయోజనం లేదు. ఆ కోడిని వేరుచేసి డాక్టరుకు కబురు పెట్టాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మామూలుగా తింటూ, కూస్తూ, ఒక కాలు మాత్రం ఆనించకుండా నడుస్తుంటే అప్పుడు అరికాలు తిప్పి చూడాలి. మధ్య మెత్తలో గుండ్రని నల్లటి పక్కు, చుట్టూ వాపు, తాకితే వేడి కనిపిస్తే అది అరికాలి గడ్డ, బంబుల్‌ఫుట్. చాలామంది ఆనెకాయ అనుకుని వదిలేస్తారు. దీనికి ఎక్కువగా కారణమయ్యే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి ఎక్కడినుంచో రానక్కర్లేదు, మన చర్మం మీదా కోడి చర్మం మీదా ఉండేదే. దానికి కావలసింది చిన్న గాటు.

గుంటూరులో ఆ గాట్లకు కొదవ లేదు. ఖాళీ స్థలాలన్నిటా సర్కారు తుమ్మ. దాని ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది, పైకి కనిపించదు. ఇక మన నల్లరేగడి ఉంది. వాన పడితే ఆ బంక మట్టి కోడి వేళ్లకు పట్టుకుంటుంది, దానికి పెంట, ఈకలు, చెత్త అంటుకుంటాయి, ఎండ రాగానే వేలి చివర ఉండలా గట్టిపడుతుంది. దాన్ని పట్టి లాగితే గోరు ఊడి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కొంచెం కొంచెంగా వేళ్లతో చిదపాలి, ఎంతసేపు పట్టినా సరే. మా పక్కింటి పిన్నిగారి మనవడు పకారుతో చిదుపుదామన్నాడు. పకారు లాక్కుని లోపల పెట్టాను.

గడ్డకు చేసే పని ఇది. చేతులకు తొడుగులు వేసుకోండి, ఆ సూక్ష్మజీవి మన చేతి గాటులోకి కూడా వస్తుంది. కోడిని పాత తువ్వాలులో రెక్కలు కదలకుండా చుట్టి, తల మీద గుడ్డ కప్పండి. చీకటి పడిందనుకుని నెమ్మదిస్తుంది. మన చెయ్యి ఓర్చుకునేంత వెచ్చని నీళ్లలో ఎప్సమ్ ఉప్పు వేసి, పది పదిహేను నిమిషాలు కాలు నాననివ్వండి. ఈ ఉప్పంటే మెగ్నీషియం సల్ఫేటే. పత్తి ఆకు ఎర్రబడితే పిచికారీ చేసేది అదే కాబట్టి మన ఊళ్లో ప్రతి ఎరువుల దుకాణంలోనూ దొరుకుతుంది, చవక కూడా. పుండుకు మాత్రం అది వద్దు, మందుల షాపులో దొరికేదే తీసుకోండి. చేనుకు అమ్మేది పుండు కోసం శుద్ధి చేసింది కాదు.

నానాక కాలు తుడిచి పోవిడోన్ అయోడిన్‌ను పలచని టీ డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి కడగాలి. వాపు లేకుండా పక్కు ఒక్కటే ఉంటే ఇక దాని జోలికి పోకండి. అయోడిన్ ఆయింట్‌మెంటు రాసి, గాజుగుడ్డ మడత పెట్టి, వేళ్ల మధ్యనుంచి తిప్పి కట్టు కట్టి, పొడి ఊక మీద వదలండి. కట్టు రోజూ మార్చాలి. వేళ్లు ఉబ్బినా చల్లబడినా కట్టు బిగిసిందని అర్థం.

మనిషి సెగ్గడ్డను నొక్కినట్టు దీన్ని నొక్కవద్దు. చాలామంది చేసేది అదే. మన చీము కారుతుంది, కోడి చీము కారదు. మన తెల్లకణాల్లా చీమును కరిగించే శక్తి పక్షుల తెల్లకణాలకు లేదు. అందుకే లోపల పచ్చగా, గట్టిగా ముద్ద కట్టి కూర్చుంటుంది. నొక్కితే అది బయటికి రాదు సరికదా, రోగం లోపలి పొరల్లోకి పాకుతుంది. నానిన పక్కుతో పాటు ముద్ద తనంతట తాను ఊడివస్తే మంచిదే. రాకపోతే బ్లేడు పట్టుకోకండి. అరికాలిలో నరాలు, రక్తనాళాలు అన్నీ పైపైనే ఉంటాయి. వాపు పాదం పైకి, కీలు దాకా ఎక్కితే ఎముకకు సోకే ప్రమాదం ఉంది; అది డాక్టరు పని. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, బెజవాడ వైపువాళ్లకు అది దగ్గర.

ఇంట్లో ఉన్న క్రీములన్నీ రాయకండి. దురదకు వాడే స్టెరాయిడ్ కలిసినవి పుండును మాననివ్వవు. తిమ్మిరెక్కించే లిడోకెయిన్ లాంటివి కోడి ఒంటికి మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తాయి. మనం మింగగా మిగిలిన యాంటీబయాటిక్ గొట్టం విప్పి దాణాలో కలిపే అలవాటు మరీ ఘోరం. డాక్టరు ఇస్తే వాడండి, మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో ఆయననే అడగండి.

మా అత్తయ్యగారికి నా అయోడిన్ మీద నమ్మకం లేదు. ఆవిడ మందు పసుపు, ఆముదం. తెరిచిన పుండులో వంటింటి పసుపు కూరితే అది పేరుకుపోయి లోపల ఏముందో కనబడనివ్వదు, అందుకని నేను ఒప్పుకోను. కానీ ఆవిడ ఆముదానికి తగిన జబ్బు వేరే ఉంది. కోడి కాళ్ల మీద పొలుసులు పైకి లేచి, సున్నం పూసినట్టు తెల్లగా గరుకుగా కనిపిస్తే పొలుసుల కింద కంటికి కనిపించని పురుగు దూరిందన్నమాట. కాళ్లు నానబెట్టి, పాత బ్రష్షుతో మెల్లగా రుద్ది, ఆముదమో కొబ్బరి నూనో పట్టించి, కొన్ని వారాలు విడవకుండా చేస్తే పురుగు ఊపిరాడక చస్తుంది. గూటిలోని మిగతా కోళ్లకూ చేయాలి, ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. కొందరు కిరోసిన్ పూస్తారు. తోలు కాలుతుంది, వద్దు. ఈ ఒక్క విషయంలో ఆవిడా నేనూ ఒకే మాట మీద ఉంటాం.

ఎంత కట్టు కట్టినా గూడు మారకపోతే గడ్డ మళ్లీ వస్తుంది. నాటు పెట్ట తేలిక, ఎక్కడినుంచి దూకినా దాని కాలు తట్టుకుంటుంది. వనరాజా బరువుది, పందేనికి పెంచే అసీలు పుంజు ఇంకా బరువు. ఎత్తు కర్ర మీదనుంచి గచ్చు మీదికి రోజూ దూకితే అరికాలు నలిగిపోతుంది. మా గూటిలో కర్ర అడుగున్నర ఎత్తుకు దించాను. వెదురు తీసేసి, అంచులు చిత్రిక పట్టిన రెండున్నర అంగుళాల పట్టె వేయించాను. వడ్రంగి నవ్వాడు, కోడికి కూడా మంచమా అమ్మా అని. గచ్చు మీద నాలుగు వేళ్ల మందాన ఊక. తెనాలి వైపు మిల్లుల నుంచి బస్తాల్లో వస్తుంది. ఆషాఢం నుంచి కార్తీకం దాకా తడిసిన ఊకను తడిసిన రోజే తీసేయాలి, ఆ బద్ధకమే సగం గడ్డలకు కారణం.

తిండి కూడా చూడాలి. వట్టి నూకలు వేసి పెంచిన కోడికి విటమిన్ ఏ అందదు, చర్మం బలహీనపడుతుంది. మునగాకు రెమ్మ గూటికి వేలాడదీస్తే చాలు, ఎగబడి తింటాయి.

వనరాజా పెట్టల్లో పెద్దది మాత్రం కర్ర దించినా లెక్కచేయకుండా సాయంత్రం జామచెట్టు ఎక్కి పడుకుంటుంది. కొమ్మ కొట్టించమని అత్తయ్యగారు. కాయలున్న కొమ్మ అది, కొట్టించను. కింద రెండు బస్తాల ఊక పోయించాను.