385 గజాల కథ వెతుక్కుంటూ విండ్సర్ నుంచి వైట్ సిటీ దాకా

రెండేళ్ళ క్రితం ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తా, నా జీవితంలో మొదటి ఫుల్ మారథాన్ అది. గచ్చిబౌలి స్టేడియం దగ్గరికొచ్చేసరికి చేతికున్న వాచ్ 42 కిలోమీటర్లు అని చూపించింది, పిక్కలు రెండూ పట్టేశాయి, ఎదురుగా ఫినిష్ లైన్ మాత్రం ఇంకా దూరంగానే ఉంది. పక్కన నాతో పాటే ఈడ్చుకుంటూ వస్తున్న ఒకాయన, "42 చాలదా సార్, ఈ 195 మీటర్లు ఎవరు పెట్టారండీ" అన్నాడు. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. తర్వాత చదవడం మొదలుపెట్టా, చదివిన కొద్దీ ఆ చోటు కళ్ళారా చూడాలనిపించింది.

మా అక్కా బావా ఉండేది లండన్ పక్కన స్లవ్‌లో. మొన్న జూన్‌లో వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు అక్క మ్యూజియంలు, లండన్ ఐ అని పెద్ద లిస్టు రాసి పెట్టింది. నేను మాత్రం "అక్కా, నాకు ఒక్క రోజు విండ్సర్, వైట్ సిటీ చాలు" అన్నా. "వైట్ సిటీలో ఏముందిరా, షాపింగ్ మాల్ తప్ప" అంది. బావ మాత్రం వెంటనే షూస్ వేసుకున్నాడు.

కథ 1908 ఒలింపిక్స్‌ది. అసలు ఆ ఆటలు రోమ్‌లో జరగాల్సినవి. 1906లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైంది, అదే ఏడు ఇటలీ తప్పుకుంది, లండన్ తలకెత్తుకుంది. మారథాన్ అప్పటికి ఫిక్స్‌డ్ దూరం ఉన్న రేస్ కాదు, 1896లో ఏథెన్స్‌లో సుమారు 40 కిలోమీటర్లు పరిగెత్తించారు, ఆ తర్వాత ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరి రోడ్లని బట్టి. లండన్ వాళ్ళు స్టార్టింగ్ విండ్సర్ కోటలో పెట్టారు, రాజుగారి మనవలు, మనవరాలు చూసేలా, తూర్పు వైపు వాళ్ళ గది కిటికీల కింద. ముగింపేమో వైట్ సిటీ స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే బాక్స్ ఎదురుగా. కోట నుంచి స్టేడియం దాకా 26 మైళ్ళు, లోపలికొచ్చాక ఆ బాక్స్ ముందు దాకా ఇంకో 385 గజాలు. మన భాషలో 352 మీటర్లు. మొత్తం కలిపితే 42.195 కిలోమీటర్లు, అంటే ఆ రోజు గచ్చిబౌలిలో మా ఇద్దరి ప్రాణం తీసిన ఆ తోక వెనకాల ఉన్నది ఒక కిటికీ, ఒక కుర్చీ. ఆ తర్వాత కూడా వెంటనే ఇదే దూరం అనుకోలేదు, 1912 స్టాక్‌హోమ్‌లో 40.2, 1920 యాంట్వెర్ప్‌లో 42.75. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య లండన్ దూరాన్నే ఖాయం చేసింది, 1924 పారిస్ నుంచి ఇప్పటిదాకా ప్రపంచం మొత్తం అదే పరిగెడుతోంది.

స్లవ్ నుంచి విండ్సర్‌కి చిన్న ట్రెయిన్, నిమిషాల్లో దిగిపోయాం. కోట లోపలికి టికెట్ తీసుకుంటే సగం రోజు అక్కడే అయిపోతుందని బయట నుంచే చూశాం. 1908 జులై 24, మధ్యాహ్నం 2:33కి 55 మంది ఇక్కణ్ణుంచి బయల్దేరారు. ఎండ బాగా కాసిన రోజట. ఇంగ్లండ్‌లో ఎండేంటి అనుకునేవాణ్ణి గానీ, మేం వెళ్ళిన రోజు కూడా చెమటలు కారాయి, రాతి గోడలు వేడి వదుల్తున్నాయి.

కోట నుంచి దిగి థేమ్స్ మీద వంతెన దాటితే ఈటన్. ఆ వంతెన మీద ఇప్పుడు కార్లు లేవు, నడిచేవాళ్ళు, సైకిళ్ళు మాత్రమే. ఈటన్ హైస్ట్రీట్ చివర్లో బార్న్స్ పూల్ అని చిన్న వంతెన ఒకటుంది, నేను వెతుకుతున్నది అక్కడే దొరికింది. మామూలు బోర్డు. ఇంకా 25 మైళ్ళు అని ఉంది, అంతే! 1908 మారథాన్ గుర్తు అది. జనం దాన్ని చూడకుండానే దాటిపోతున్నారు, నేనైతే చెయ్యి పెట్టి తడిమా. నాకు తెలుసు ఇంకా 25 మైళ్ళు అన్న మాట ఎలా ఉంటుందో. అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా అక్కడే ఓ పక్కన కూర్చుని తిన్నాం, బావ "పరిగెత్తేవాళ్ళకి అప్పట్లో ఏమిచ్చేవారు" అని అడిగితే చెప్పా. చివరి మైళ్ళ దాకా ముందున్నది దక్షిణాఫ్రికా మనిషి చార్లెస్ హెఫెరాన్, స్టేడియం ఇంకో రెండు మైళ్ళుందనగా ఎవరో అందించిన షాంపేన్ తాగాడు, కడుపులో పట్టేసి వెనకపడిపోయాడు. నీళ్ళు కాదు, షాంపేన్!

అక్కణ్ణుంచి రేసు స్లవ్, అక్స్‌బ్రిడ్జ్, రైస్లిప్, హారో మీదుగా వెళ్ళింది. అక్క వాళ్ళ ఊరి మీంచే వెళ్ళిందని ఇన్నేళ్ళుగా అక్కడున్న బావకి తెలీదు. మేం మాత్రం ఎలిజబెత్ లైన్ ఎక్కి ఈలింగ్ బ్రాడ్‌వేలో మారి సెంట్రల్ లైన్‌లో వైట్ సిటీలో దిగాం.

స్టేడియం లేదు. 1985లో కూల్చేశారు. ఆ చోట ఇప్పుడు ఆఫీసు బిల్డింగులు, కాఫీ షాపులు, మెడలో ఐడీ కార్డులేసుకుని లంచ్‌కి వెళ్తున్న జనం. ముందే తెలిసినా మనసు చివుక్కుమంది. అప్పట్లో ఈ స్టేడియంలో ట్రాక్ మధ్యలో 100 మీటర్ల స్విమ్మింగ్ పూల్ కట్టారు, ఈతపోటీలు అందులోనే. టగ్ ఆఫ్ వార్, అదే తాడు లాగే పోటీ, ఇక్కడే జరిగింది, మూడు పతకాలూ బ్రిటిష్ పోలీసు టీములవే, లివర్‌పూల్ పోలీసులు బరువైన బూట్లు వేసుకున్నారని అమెరికా వాళ్ళు గొడవపడి వెళ్ళిపోయారు. 1966 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో ఉరుగ్వే ఫ్రాన్స్ మ్యాచ్ ఇక్కడ పెట్టాల్సొచ్చింది, ఎందుకో తెలుసా, ఆ రోజు అసలు మ్యాచ్ జరగాల్సిన వెంబ్లీ స్టేడియంలో కుక్కల పందేలున్నాయి, వాటిని మానుకోడానికి ఆ స్టేడియం ఓనర్లు ఒప్పుకోలేదు. వరల్డ్ కప్ మ్యాచే పక్కకి జరిగింది. ఇవన్నీ బావకి చెప్తుంటే ఆయన బిల్డింగుల వంక తలెత్తి చూస్తూ ఉండిపోయాడు.

స్టేడియం లేకపోయినా దాని ఫినిష్ లైన్ ఎక్కడుండేదో నేల మీద గుర్తు పెట్టారు. దాని దగ్గర నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది గెలిచినాయన కాదు, డొరాండో పియెట్రి. ఇటలీలో కార్పి అనే ఊళ్ళో స్వీట్ల దుకాణంలో పనిచేసినవాడు. స్టేడియంలోకి అందరికంటే ముందు వచ్చింది ఆయనే, అప్పటికే ఒంట్లో సత్తువ లేదు, ఎటు పోవాలో తెలీక తప్పు వైపు తిరిగాడు, పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు, అలా ఎన్నిసార్లో. చివరికి అధికారులే లేపి పట్టుకుని గీత దాటించారు. టైం 2 గంటల 54 నిమిషాల 46 సెకన్లు. సాయం అందిందని అమెరికా వాళ్ళు కంప్లయింట్ ఇచ్చారు, డిస్‌క్వాలిఫై చేశారు, రూల్ ప్రకారం అది సరైనదే, గోల్డ్ రెండోగా వచ్చిన అమెరికా మనిషి జానీ హేస్‌కి వెళ్ళింది. మర్నాడు అలెగ్జాండ్రా రాణి బంగారు పూత పూసిన వెండి కప్పు పియెట్రికి ఇచ్చింది. షెర్లాక్ హోమ్స్ రాసిన కానన్ డాయల్ ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడు, పేపర్‌కి రాయడానికి వచ్చాడు, ఆయన పియెట్రి కోసం చందాలు మొదలుపెట్టాడు. నాలుగు నెలలకి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియెట్రికీ హేస్‌కీ మళ్ళీ రేస్ పెడితే పియెట్రి గెలిచాడు. ఇది చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో!

ఆయన టైంలో చివరి 350 మీటర్లకే పది నిమిషాలు పోయాయి. ఈ ఒక్క ముక్క నన్ను వదల్లేదు. "బావా, నేను ఇక్కడ నడుస్తా, ఫోన్‌లో పది నిమిషాలు టైమర్ పెట్టు, 350 మీటర్లు సరిగ్గా పది నిమిషాల్లో" అన్నా. ఆయన ఏమీ అడగలేదు, పెట్టాడు. స్టేడియం లేదు కాబట్టి బిల్డింగుల మధ్య దారిలోనే అటూ ఇటూ, ఆఖర్న ఆ గుర్తు దగ్గరికొచ్చేలా. ఎంత నెమ్మదిగా నడవాలంటే, ఒక అడుగు వేసి ఊపిరి పీల్చి వదిలి ఇంకో అడుగు. రెండో నిమిషానికే మోకాళ్ళు తొందరపెట్టాయి. ఆరో నిమిషం దగ్గర గచ్చిబౌలిలో నా పక్కనున్నాయన మొహం గుర్తొచ్చింది, ఆయన పేరు కూడా అడగలేదు నేను. 26 మైళ్ళు అయిపోయాక, వేలమంది లేచి అరుస్తుంటే ఎటు తిరగాలో తెలీకుండా ఒక మనిషి ఇంతసేపు ఇక్కడే పడిలేస్తూ ఉన్నాడు.

బావ ఫోన్ మోగింది. నేను ఇంకా గుర్తుకి నాలుగడుగుల ఇవతలే ఉన్నా. ఆగకుండా వెళ్ళి దాటా.