మూడు నెలల తర్వాత చపాతీ పిండి

ఈరోజు పొద్దున్న చపాతీ పిండి నేనే కలిపాను. నవ్వకండి, మూడు నెలలైంది.

శ్రీకాకుళంలో నాగావళి బ్రిడ్జి దిగుతూ స్కూటీ జారి, అరచెయ్యి ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు. "ఏటీ కాలేదే, బెణికింది, తైలం రాస్తే పోద్ది" అంది అమ్మ. పోలేదు. తడి తువ్వాలు పిండితే లోపల టక్కుమనేది. మణికట్టులోని 8 చిన్న ఎముకల్లో స్కాఫాయిడ్, లూనేట్ అనే రెండింటినీ కట్టి ఉంచే లిగమెంట్ కొంత చిరిగిందని తర్వాత తేలింది.

బలం పెంచితే చాలనుకుని రబ్బరు బంతి తెగ నొక్కాను. నొప్పి ఇంకా పెరిగింది. ఫిజియో గారు తిట్టి మరీ చెప్పారు: గట్టిగా పిడికిలి బిగిస్తే ఆ రెండు ఎముకల మీదే ఒత్తిడి పడుతుందట. అన్ని కండరాలూ మనకి సాయం చేసేవి కావట! బొటనవేలి వైపు నుంచి వచ్చేవి కొన్ని బిగిస్తే ఆ ఎముకలు దగ్గరికి చేరతాయి. చిటికెనవేలి వైపు, చేతి వెనకగా వెళ్లే ఈసీయూ అనే కండరం ఒంటరిగా లాగితే మాత్రం వాటి మధ్య సందు తెరుచుకుంటుంది. లిగమెంట్ పూర్తిగా తెగితే చాలాసార్లు ఆపరేషనే గతి. నాది అంతదాకా రాలేదు.

సుత్తితో మేకు కొట్టినట్టు చెయ్యి ఏటవాలుగా ఆడించడం నా వ్యాయామం. అలా కదిపితే ఆ ఎముకల మధ్య కదలిక చాలా తక్కువ.

పిండి మాత్రం కాస్త గట్టిగానే వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, ఇంకో రెండు చుక్కలు నీళ్లు పోసింది.