సగం చెప్పిన మాట

"వాడికి ఆరేళ్లు. వాడికి తెలిసిన సంగతి నాకు తెలియకుండా చేశావు కదా అక్కా."

ఆ తల్లి గట్టిగా అరవలేదు. పిల్లాడు నిద్రపోతున్నాడని గొంతు తగ్గించే అంది. నెల దాటింది, ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

నేను ఫిలడెల్ఫియా దగ్గర మెడికల్ ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో చెప్పాలి, వీళ్లు తెలుగులో అడిగింది ఇంగ్లీషులో అడగాలి. ఏజెన్సీ వాళ్లు పిలిచినప్పుడు వెళ్తాను. యూనివర్సిటీ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న పిల్లల ఆసుపత్రులు ఈ చుట్టుపక్కల ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఇది ఎక్కడ జరిగిందో చెప్పను. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. తప్పు నాది, దాన్ని మాత్రం మార్చలేదు.

భర్త ఉద్యోగ వీసాకు తోడుగా భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నదాన్ని. 2015లో మాలాంటి కొందరికి పనిచేసే అనుమతి వచ్చాక 40 గంటల శిక్షణ తీసుకుని ఇందులోకి వచ్చాను. మనవాళ్లకు ఇంటర్‌ప్రెటర్ ఎందుకు, అందరూ సాఫ్ట్‌వేరే కదా అని చాలామంది అడుగుతారు. ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేది భర్త. ఆసుపత్రిలో బిడ్డ పక్కన రాత్రంతా కూర్చునేది తల్లి. ఆమెకు ఇంగ్లీషు బొత్తిగా రాదని కాదు. దుకాణంలో, స్కూలు దగ్గర నెట్టుకొస్తుంది. బిడ్డ రక్తపరీక్ష గురించి నలుగురు డాక్టర్లు నిలబడి మాట్లాడుతుంటే ఆ వచ్చిన ఇంగ్లీషు కూడా పోతుంది. అందుకే ఇక్కడి చట్టం ప్రకారం ఆసుపత్రి తన ఖర్చుతో ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టాలి. "నేను చెప్తాలే" అని భర్త అన్నా, డాక్టర్లు చాలాసార్లు ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకోరో నాకు ఆ రోజు తెలిసింది.

గదిలోకి వెళ్లేముందు ఆ పిల్లాడి తండ్రి కారిడార్‌లో నన్ను ఆపాడు. ముందు రోజు రాత్రే డాక్టరు అతనితో అంతా మాట్లాడారు. "మేడమ్, క్యాన్సర్ అన్న మాట మాత్రం తనతో అనకండి. వాళ్లమ్మ ఇండియా నుంచి వచ్చేదాకా ఆగుదాం. తట్టుకోలేదు" అన్నాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నిద్ర లేదు, తిండి లేదు. అసలు మా నియమాల ప్రకారం నేను అతనితో విడిగా నిలబడి మాట్లాడకూడదు. మాట్లాడినా, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. నేను తల ఊపాను. అతన్ని చూస్తే మా తమ్ముడే గుర్తొచ్చాడు.

లోపల డాక్టరు లుకేమియా అన్నారు. ఎముక మజ్జ పరీక్ష గురించి చెప్పారు. పుస్తకాల్లోని 'అస్థిమజ్జ' మన తల్లులకు అర్థం కాదు, 'మూలుగ' అంటే వెంటనే తెలుస్తుంది. అందుకే ఎముకలోని మూలుగ అని చెప్పాను. అలాంటి మాటలు వెతికి పెట్టుకోవడం నాకు ఇష్టం, ఒక నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. అప్పుడు ఆమె నావైపు తిరిగి, "లుకేమియా అంటే ఏంటక్కా?" అంది.

ఆ ప్రశ్న నాది కాదు, డాక్టరుది. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఊరుకోవాలి. అలా చేయకుండా, "రక్తంలో వచ్చే జబ్బమ్మా, మందులున్నాయి" అని నేనే జవాబిచ్చేశాను. డాక్టరు ఆగి చూస్తే, అంటే ఏమిటని అడిగింది, చెప్పాను అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అలా అనుకునే ఇంటికొచ్చాను.

రెండు రోజుల తర్వాత చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ ఆ పిల్లాడి దగ్గరికి వచ్చింది. మన దగ్గర ఇలాంటి ఉద్యోగం నేను చూడలేదు. సూదులకూ స్కానింగులకూ పిల్లలను ఆటలతో సిద్ధం చేయడం, జబ్బు గురించి వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పడం వాళ్ల పని. పిల్లాడికి చెప్పవచ్చా అని ఫోన్‌లో వేరే ఇంటర్‌ప్రెటర్ ద్వారా తల్లిని అడిగితే సరే అందట. ఆ అమ్మాయి ఒక గుడ్డబొమ్మకు ఛాతీ దగ్గర మందులెక్కించే పోర్ట్ పెట్టి చూపిస్తూ అంతా చెప్పింది. సాయంత్రం వాడు తల్లితో, "అమ్మా, నాకు క్యాన్సర్ అంట. నేనేం తప్పు చేసినందుకు రాలేదంట. నీకు అంటుకోదంట" అన్నాడు.

మళ్లీ నన్ను పిలిచిన రోజు ఆమె నాతో అన్న మాటే మొదట రాశాను.

ఆ రాత్రి కారులో నాలో నేను గట్టిగానే వాదించుకున్నాను. మనం దాచేది మోసం చేయడానికా? పెద్దావిడకు షుగర్ ఎక్కువైందని చెప్తాం కానీ కిడ్నీ సంగతి చెప్పం. రిపోర్టు పెద్దకొడుకు చేతిలోనే ఉంటుంది. బరువు మోసేవాళ్లు మోస్తారు, మిగతావాళ్లు నిద్రపోవాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా 1953 నుంచి నడుస్తున్న నిలోఫర్ ఆసుపత్రి ముందు ఏ రాత్రయినా చూడండి. ఒక్క బిడ్డ కోసం అమ్మమ్మ, మేనమామ, పిన్ని, పక్కింటావిడ దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. అక్కడ మాట దాచినా మనిషిని ఒంటరిగా వదలరు. ఇక్కడ మాట దాచరు. కానీ ఆ తల్లి గదిలో కిటికీ పక్కన సోఫా మంచం మీద ఒక్కతే పడుకుంటుంది. ఏది ఎక్కువ క్రూరమో ఎవరు తేలుస్తారు?

కోపం తగ్గాక ఈ వాదనలో నాకే పొంతన కుదరలేదు. ఒంటరితనం సంగతి ఇక్కడివాళ్లు పట్టించుకోలేదనడం అన్యాయం. పిల్లల వైద్యం కోసం దూరం నుంచి వచ్చిన కుటుంబాలు ఉండే రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ మొదటిది 1974లో ఈ ఫిలడెల్ఫియాలోనే తెరిచారు. చిల్డ్రన్స్ హాస్పిటల్ ఆఫ్ ఫిలడెల్ఫియాలో, మేమంతా చాప్ అనేచోట, పిల్లల క్యాన్సర్ డాక్టరుగా చేసిన ఆడ్రీ ఎవాన్స్ దాని వెనక ఉన్నారు. తల్లిదండ్రులు వెయిటింగ్ రూముల్లో కుర్చీల మీద రాత్రులు గడపడం ఆమె చూశారు. నిలోఫర్ ముందు పరిచిన దుప్పటి చూసిన ఎవరికైనా ఆ బాధ కొత్త కాదు.

క్యాన్సర్ అన్న మాటకు మా నల్గొండలో ఉన్న బరువును నేను ఆ గదిలోకి మోసుకెళ్లాను. మా వీధిలో ఆ మాట వినబడితే అందరూ మంచం చుట్టూ చేరి ఏడ్చేవాళ్లు. డాక్టరు ఆ రోజు చెప్పింది పిల్లల్లో తరచుగా కనబడే రకం లుకేమియా, ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్. ఇక్కడ దాదాపు నూటికి 90 మంది పిల్లలు బతికి బయటపడుతున్నారు. 2012లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో తయారైన వైద్యాన్ని చాప్‌లో ఒక చిన్నపిల్లకు చేశారు. కీమో ఇచ్చినా జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టిన పిల్ల. తన రక్తంలో జబ్బులతో పోరాడే టి కణాలనే బయటికి తీసి, మార్చి, తిరిగి ఎక్కించారు. ఆ పిల్ల పెద్దదైంది. 2017లో ఆ వైద్యానికి ప్రభుత్వ అనుమతి కూడా వచ్చింది. డాక్టరు నోట్లో ఆ మాట వెనకాల ఇదంతా ఉంది. నేను మాట తీసేసేసరికి వెనకాల ఉన్న ధైర్యం కూడా ఆ తల్లికి అందలేదు. ఆమెకు దొరికింది భర్త వాచిన కళ్లు మాత్రమే. వాటిని చూసి రెండు రాత్రులు ఏం ఊహించుకుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

శిక్షణలో మాకు మొదటి వారమే చెప్పిన కేసు ఉంది. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాడిని స్పృహలేని స్థితిలో తెచ్చి, ఇంట్లోవాళ్లు స్పానిష్‌లో 'ఇంటాక్సికాడో' అన్నారు. తిన్నదేదో పడలేదని వాళ్ల ఉద్దేశం. మత్తుమందు ఎక్కువ తీసుకున్నాడని వైద్యం మొదలుపెట్టారు. మెదడులో రక్తస్రావం అవుతోందని తెలిసేసరికి ఆలస్యమైంది, కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఆ కథ విని, అర్థం తప్పితేనే ప్రమాదం అనుకున్నాను. అర్థం తప్పకుండా కూడా చెడగొట్టవచ్చని అప్పుడు తట్టలేదు.

అంతకంటే ముందే తట్టాల్సింది నాకు. 2019లో నాన్న నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ "పడుకున్నాడక్కా" అన్నాడు తమ్ముడు. దూరాన ఉన్నావు, టెన్షన్ పడతావని అనుకున్నారట అందరూ కలిసి. ఐదో రోజు రమ్మన్నారు. నేను దిగేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. తమ్ముడితో ఏడాది సరిగ్గా మాట్లాడలేదు నేను. ఆ నేనే కారిడార్‌లో తల ఊపాను.

ఏజెన్సీకి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కో-ఆర్డినేటర్ చీవాట్లు పెట్టింది, నియమాలు మళ్లీ చదివి సంతకం చేయమంది. చేశాను. ఆ తల్లి ఇంకెవరినైనా పంపమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. తర్వాతి మీటింగ్‌కు వెళ్లినప్పుడు ముందే, డాక్టరు ఎదుట, "ఇవాళ వాళ్లు ఎన్ని మాటలంటే అన్నీ చెప్పు అక్కా" అంది. దాన్ని కూడా ఇంగ్లీషులోకి మార్చి డాక్టరుకు చెప్పాను. భర్త తల దించుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు క్యాన్సర్ అన్న మాట నేను పదిసార్లకు పైగా అన్నాను. మొదటి రెండుసార్లు గొంతు పట్టేసింది.

ఇంటికొచ్చి నల్గొండకు ఫోన్ చేశాను. అమ్మకు ముందు రోజు రక్తపరీక్షలు చేయించారు. "అంతా బాగానే ఉందక్కా" అన్నాడు తమ్ముడు.

"కాగితం చేతిలో ఉందా? పైనుంచి చదువు" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాగితం మడత విప్పిన చప్పుడు వినిపించింది. హిమోగ్లోబిన్ దగ్గర మొదలుపెట్టాడు.