ఆర్కేడ్ క్యాబినెట్ మెనూలోకి కంప్యూటర్ గేములు: ఈ విడత పని

పాత వీడియో గేమ్ షాపుల్లో ఉండేలాంటి గేమ్ మెషీన్, అంటే ఆర్కేడ్ క్యాబినెట్, సొంతంగా కట్టుకుంటున్నాను. చెక్కపని, వైరింగ్, మేమ్ (పాత ఆర్కేడ్ గేములను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాము) సెటప్ పూర్తయ్యాయి. ఈ విడతలో కంప్యూటర్ గేముల మీద పడ్డాను. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డూమ్ అనే మూడు డాస్ గేములు (విండోస్‌కి ముందు వాడిన డాస్ కోసం తయారైనవి), స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో కొన్న కప్‌హెడ్ ఇప్పుడు పాక్‌మ్యాన్ పక్కనే అదే మెనూలో కనిపిస్తున్నాయి. మా తరానికి ఊళ్లోని వీడియో గేమ్ షాపు ఎంత ఇష్టమో, స్కూల్లో కంప్యూటర్ పీరియడ్ కూడా అంతే ఇష్టం. టీచర్ అటు తిరగ్గానే అందరం తెరిచేది డేవ్. ఆ గేమ్ లేకుండా ఈ క్యాబినెట్ పూర్తయిందని నాకు అనిపించలేదు.

ఒక్క షరతు పెట్టుకుని మొదలుపెట్టాను. క్యాబినెట్ దగ్గర కీబోర్డు, మౌస్ ఉండకూడదు. గేమ్ ఎంచుకోవడం, ఆడటం, తిరిగి మెనూకి రావడం, ఈ మూడూ ప్యానెల్ మీదున్న స్టిక్కు, బటన్లతోనే జరగాలి. మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ గేమ్ మెనూలో ఉండదు. మేమ్‌లో ఈ ఇబ్బంది రాదు. వేల గేములున్నా వాటన్నిటినీ నడిపేది ఒకే ప్రోగ్రాము కాబట్టి, బయటికి వచ్చే బటన్ కూడా ఒకటే. కంప్యూటర్ గేముల్లో దేని పద్ధతి దానిది. పైగా అవన్నీ కీబోర్డు ముందు కూర్చున్న మనిషి కోసం తయారైనవి.

సామాను గురించి క్లుప్తంగా చెప్తాను. ఆఫీసుల్లో వాడేసిన చిన్న కంప్యూటర్, అందులో విండోస్ 10. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 19 అంగుళాల చదరపు మానిటర్, 1280×1024. ఇద్దరికి రెండు స్టిక్కులు, బటన్లు. వాటన్నిటినీ కంప్యూటర్‌కి కలిపేది ఐ-ప్యాక్ 2 బోర్డు. మన దగ్గర సులభంగా, చవకగా దొరికేది జీరో డిలే యూఎస్‌బీ బోర్డు. మేమ్ ఒక్కటే ఆడాలనుకుంటే అది చాలు. కానీ అది విండోస్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపిస్తుంది, ఐ-ప్యాక్ మాత్రం కీబోర్డులా కనిపిస్తుంది. పాత డాస్ గేములకు కీబోర్డే ప్రాణం కాబట్టి నేను ఐ-ప్యాక్ వైపు వెళ్లాను. జీరో డిలే ఇప్పటికే బిగించేసినవాళ్లు జాయ్‌టుకీ అనే ప్రోగ్రాముతో బటన్లను కీలుగా మార్చుకోవచ్చు. ఒకేలాంటి రెండు బోర్డులు పెడితే కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినప్పుడు మొదటి ఆటగాడి స్టిక్కు, రెండో ఆటగాడి స్టిక్కు తారుమారయ్యే అవకాశం ఉంది. అది ముందే చూసుకోండి.

ఐ-ప్యాక్ వల్ల కలిసొచ్చిన సంగతి ఒకటుంది, నాకు ఈ విడతలో బాగా నచ్చింది అదే. ఈ బోర్డు మేమ్ కీలనే వాడుతుంది. మొదటి ఆటగాడి స్టిక్కు యారో కీలు, మొదటి నాలుగు బటన్లు వరసగా కంట్రోల్, ఆల్ట్, స్పేస్, షిఫ్ట్. డూమ్‌లో కాల్చడానికి కంట్రోల్, పక్కకు జరగడానికి ఆల్ట్, తలుపు తీయడానికి స్పేస్, పరిగెత్తడానికి షిఫ్ట్. అంటే 1993లో వచ్చిన డూమ్ నా ప్యానెల్ కోసమే కీలు పెట్టుకున్నట్టు కుదిరింది! డేవ్ కూడా అంతే. కంట్రోల్ నొక్కితే తుపాకి పేలుతుంది, ఆల్ట్ నొక్కితే జెట్‌ప్యాక్ లేస్తుంది. ఒక్క కీ కూడా మార్చకుండానే రెండు గేములూ ఆడుకోవచ్చు. డూమ్‌లో ఆయుధాలు మార్చేది అంకెలతో. ప్యానెల్ మీద స్టార్ట్ బటన్లు 1, 2. కాయిన్ బటన్లు 5, 6. కాయిన్ నొక్కితే రాకెట్ లాంచర్ చేతికొస్తుందన్నమాట. షాట్‌గన్‌కి కావలసిన 3, చైన్‌గన్‌కి కావలసిన 4 మాత్రం లేవు. వాటిని రెండో ఆటగాడి బటన్లకు ఇచ్చాను. డూమ్ మెనూలో అవసరమయ్యే ఎంటర్‌కి కూడా అక్కడే ఒక బటన్. నేను పెట్టింది ఉచితంగా పంచడానికి వీలున్న షేర్‌వేర్ డూమ్. మొదటి ఎపిసోడ్ ఒక్కటే ఉంటుంది, అందులో ఈ ఆయుధాలకు మించి అవసరం పడదు.

ఇక విండోస్ సంగతి. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అంటూ ఒక పెట్టె తెరమీదికి వస్తుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో కత్తి తిప్పేది షిఫ్ట్‌తోనే. కాపలావాడితో పోరాటం మంచి రసపట్టులో ఉన్నప్పుడు సరిగ్గా ఆ పెట్టె ఊడిపడుతుంది, దాన్ని మూయడానికి మౌస్ ఉండదు. సెట్టింగ్స్‌లో కీబోర్డు విభాగానికి వెళ్లి స్టిక్కీ కీస్‌నీ, దాని షార్ట్‌కట్‌నీ రెండిటినీ ఆపేయాలి. ఫిల్టర్ కీస్, టాగుల్ కీస్ కూడా అక్కడే ఉంటాయి, వాటినీ ఆపండి. నోటిఫికేషన్లు, స్క్రీన్ సేవర్, స్లీప్ కూడా బంద్. పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా లాగిన్ అయ్యేలా పెట్టి, మెనూ ప్రోగ్రామును స్టార్టప్ ఫోల్డర్‌లో వేశాను. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ దానంతటదే లేచేలా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగుల్లో, ఒక ఆప్షన్ ఉంటుంది. మన ఊళ్లలో ఎండాకాలం కరెంటు కోతలకు అది తప్పనిసరి.

తెర గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ శ్రద్ధ పెడితే గేమ్ అందం మారిపోతుంది. ఈ మూడు డాస్ గేములూ 320×200 చుక్కల్లో (పిక్సెళ్లలో) బొమ్మ గీస్తాయి. ఆ రోజుల్లోని మానిటర్ దాన్ని 4:3 కొలతలోకి సాగదీసి చూపించేది. నా మానిటర్ 5:4. పూర్తి తెరకు సాగదీస్తే డేవ్ మరీ పొడుగ్గా కనిపిస్తాడు. 4:3 కొలత కచ్చితంగా కావాలంటే 1280×960 రావాలి, కానీ అప్పుడు ఒక్కో చుక్క అడ్డంగా 4 రెట్లు, నిలువుగా 4.8 రెట్లు అవుతుంది. ఆ సున్నా పాయింట్ ఎనిమిది దగ్గరే చిక్కు. కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి, లేదా బొమ్మంతా మసకబారుతుంది. కాగితం మీద లెక్క వేస్తే చక్కటి దారి దొరికింది. 320ని 4తో గుణిస్తే 1280, 200ని 5తో గుణిస్తే 1000. తెర నిలువు 1024. పైన 12, కింద 12 గీతలు మాత్రమే నల్లగా మిగులుతాయి, ప్రతి చుక్కా ఒకే సైజులో సూదిమొనలా నిలబడుతుంది. బొమ్మ అసలు కొలత కంటే 4 శాతం పొడుగు, ఆడేటప్పుడు అది కంటికి తెలియదు. పాత ఆఫీసు మానిటర్ ఇంట్లో ఉంటే పారేయకండి. డాస్ గేములకు ఇంతకంటే బాగా అమరే తెర నాకు కనిపించలేదు.

దీన్ని పెట్టుకోవడానికి, డాస్ గేములను ఇప్పటి విండోస్‌లో నడిపే డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే ప్రోగ్రాము వాడుతున్నాను. అందులో బొమ్మ సైజు చెప్పే వ్యూపోర్ట్‌ను 1280×1000 అని, యాస్పెక్ట్‌ను స్ట్రెచ్ అని ఇస్తే సరిపోతుంది. ప్రతి గేమ్‌కి విడిగా ఒక కాన్ఫిగ్ ఫైలు (సెట్టింగులు ఉండేది), విడిగా ఒక మ్యాపర్ ఫైలు (ఏ బటన్ ఏ కీ అవుతుందో ఉండేది) పెట్టుకోండి. అన్నిటికీ ఒకే ఫైలు పెడితే డూమ్ కోసం మార్చిన బటన్ ప్రిన్స్‌లో అడ్డొస్తుంది. కాన్ఫిగ్ ఫైలు చివర ఆటోఎగ్జెక్ అనే భాగంలో ఫోల్డర్‌ని సి డ్రైవ్‌గా మౌంట్ చేసే లైను, గేమ్ మొదలుపెట్టే లైను, ఆఖర్న ఎగ్జిట్ అని రాయాలి. ఆ ఎగ్జిట్ లేకపోతే గేమ్ అయ్యాక నల్లటి డాస్ తెర దగ్గర ఆగిపోతుంది.

డేవ్‌కి ఇంకో చిన్న పని ఉంది. జాన్ రొమెరో 1988లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం రాసిన ఈ గేమ్ డాస్‌కి 1990లో వచ్చింది. మొదలవగానే ఆనాటి గ్రాఫిక్స్ రకాలైన సీజీఏ, ఈజీఏ, వీజీఏల్లో ఏది కావాలో అడుగుతుంది. వీజీఏకి 'వి' అక్షరం నొక్కాలి, ప్యానెల్ మీద అది లేదు. స్టేజింగ్‌లో ఆటోటైప్ అనే కమాండ్ ఉంది. రెండు సెకన్లు ఆగి 'వి' నొక్కు అని దానికి ముందే చెప్పి పెడితే ఆ ప్రశ్న దానంతటదే దాటిపోతుంది. ప్రిన్స్‌లో కత్తి నాలుగో బటన్ మీదుంటే చేతికి అసౌకర్యం, అందుకే మ్యాపర్‌లో షిఫ్ట్‌ని మొదటి బటన్‌కి కూడా ఇచ్చాను. ప్రిన్స్‌ని తయారుచేసిన జోర్డన్ మెక్నర్ ఆ గేమ్‌లో రాకుమారుడికి ఇచ్చింది సరిగ్గా 60 నిమిషాలు. బటన్ వెతుక్కుంటూ ఆ నిమిషాలు పోగొట్టుకోకూడదు కదా.

మెనూకి అట్రాక్ట్ మోడ్ అనే ప్రోగ్రాము తీసుకున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, అన్నీ టెక్స్ట్ ఫైళ్లే. లాంచ్‌బాక్స్ అనే ఇంకో మెనూ ప్రోగ్రాము కూడా మంచిదే కానీ క్యాబినెట్‌కి పనికొచ్చే దాని బిగ్‌బాక్స్ తెరకు లైసెన్సు కొనాలి. అట్రాక్ట్ మోడ్‌కి అర్థమయ్యేది రెండే, ఒక ఎమ్యులేటర్ (మేమ్‌లా పాత మెషీన్ల గేములను నడిపే ప్రోగ్రాము), దానికి కొన్ని రోమ్ ఫైళ్లు (ఆ మెషీన్ల గేముల కాపీలు). కంప్యూటర్ గేములకు రోమ్‌లు ఉండవు. అందుకని ఒక ఫోల్డర్‌లో గేమ్‌కి ఒకటి చొప్పున చిన్న ఆటోహాట్‌కీ స్క్రిప్టులు (ప్రోగ్రాములు తెరవడం, కీలు నొక్కడం లాంటి పనులు విండోస్‌లో వాటంతటవే జరిగేలా చేసే సూచనల ఫైళ్లు) రాసి, వాటినే రోమ్ ఫైళ్లుగా చూపించాను. ఎమ్యులేటర్ స్థానంలో ఆటోహాట్‌కీ ప్రోగ్రాము ఉంటుంది. డేవ్ పేరు మీద బటన్ నొక్కితే డేవ్ స్క్రిప్టు నడుస్తుంది, ఏం తెరవాలో ఎలా మూయాలో అది చూసుకుంటుంది. కొత్త గేమ్ చేర్చాలంటే ఆ ఫోల్డర్‌లో ఇంకో స్క్రిప్టు వేసి, లిస్టు ఫైలులో ఒక లైను రాస్తే చాలు. సంవత్సరం, ఎంతమంది ఆడొచ్చు అనే గడులు కూడా అప్పుడే నింపండి. తర్వాత ఇద్దరి గేములన్నీ ఒకచోట చూపించే ఫిల్టర్ పెట్టుకోవడానికి అవే ఆధారం.

స్క్రిప్టు అవసరం బాగా తెలిసేది స్టీమ్ గేముల దగ్గర. కప్‌హెడ్‌ని దాని స్టీమ్ నంబరు 268910తో పిలవచ్చు. కానీ మెనూ పిలిచేది స్టీమ్‌ని. స్టీమ్ ఆ మాట అందుకుని గేమ్‌ని వేరేగా మొదలుపెడుతుంది, పిలిచిన ప్రోగ్రాము వెంటనే ముగిసిపోతుంది. గేమ్ అయిపోయిందనుకుని మెనూ మళ్లీ ముందుకొచ్చేస్తుంది. వెనకాల కప్‌హెడ్ పాట వినిపిస్తుంటుంది, ముందు పాక్‌మ్యాన్ బొమ్మ కదులుతుంటుంది. దీనికి మందు, స్క్రిప్టు వెంటనే ముగియకుండా చూసుకోవడం. ముందు స్టీమ్‌కి చెప్పాలి, తర్వాత కప్‌హెడ్ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాముగా విండోస్ జాబితాలో కప్‌హెడ్) కనిపించేదాకా ఒక నిమిషం గడువుతో ఎదురుచూడాలి, కనిపించాక దాని కిటికీని ముందుకు తేవాలి, ఆ ప్రాసెస్ ముగిసేదాకా అలాగే ఆగాలి. అప్పుడే స్క్రిప్టు ముగుస్తుంది, అప్పుడే మెనూ లేస్తుంది. స్టీమ్‌ని కంప్యూటర్‌తో పాటే కిటికీ చూపించకుండా మొదలయ్యేలా పెట్టుకుంటే ఈ ఎదురుచూపు బాగా తగ్గుతుంది. ఇద్దరు ఆడేటప్పుడు రెండోవాళ్లకు ఎక్స్‌బాక్స్ ప్యాడ్ ఇస్తున్నాం, దానికోసం ముందువైపు ఒక యూఎస్‌బీ పోర్టు బిగించాను.

అసలు పని బయటికి రావడం దగ్గరే ఉంది. మా అమ్మాయి మొదటిసారి ప్రిన్స్ ఆడి అడిగింది ఒకటే, "నాన్నా, ఇందులోంచి బయటికి ఎలా రావాలి?" ప్రిన్స్‌లో ఎస్కేప్ నొక్కితే గేమ్ ఆగుతుంది, డూమ్‌లో మెనూ వస్తుంది, డేవ్‌లో నిజంగా వెళ్తావా అని అడుగుతుంది. ఒక్కో గేమ్‌కి ఒక్కో పద్ధతి పిల్లలకు నేర్పలేం. ప్యానెల్ ముందు అంచు కింద, చెయ్యి అనుకోకుండా తగలని చోట చిన్న తెల్ల బటన్ ఒకటి పెట్టాను. దానికి ఇచ్చిన కీ స్క్రోల్ లాక్, ఎందుకంటే ఈ గేముల్లో ఏదీ దాన్ని వాడదు. ఎఫ్12 ఇస్తే స్టీమ్ స్క్రీన్‌షాట్ తీస్తుంది. ఒక సెకను నొక్కి పట్టుకుంటేనే పనిచేయాలని స్క్రిప్టులో రాశాను. డాస్‌బాక్స్ అయితే కంట్రోల్, ఎఫ్9 కలిపి పంపుతుంది. కప్‌హెడ్ అయితే ముందు మర్యాదగా కిటికీ మూయమంటుంది, ఐదు సెకన్లలో మూయకపోతేనే ప్రాసెస్‌ని ఆపేస్తుంది. ఈ వరస ముఖ్యం. కొన్ని గేములు బయటికి వెళ్లేటప్పుడే సేవ్ చేసుకుంటాయి, ఒక్కసారిగా చంపేస్తే పిల్లలు గెలిచిన లెవెల్ పోతుంది. ఇప్పుడు ఏ గేమ్‌లో ఉన్నా తెల్ల బటన్ పట్టుకుంటే మెనూ వస్తుంది. మా అమ్మ కూడా తనంతట తానే డేవ్‌లోంచి పాక్‌మ్యాన్‌కి వెళ్తోంది.

అమ్మ కోసమే పేర్లు తెలుగులో పెట్టాలనుకున్నాను. లిస్టులో తెలుగు అక్షరాలు నేరుగా రాస్తే అట్రాక్ట్ మోడ్ గుణింతాలు, ఒత్తులు కలపలేదు, అక్షరాలు విడివిడిగా పడతాయి. అందుకని ప్రతి పేరునీ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో బొమ్మగా తయారుచేసి, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ ఫైలుగా పెట్టాను. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో రామభద్ర లావుగా, దూరం నుంచి కూడా స్పష్టంగా ఉంది. డేవ్‌కి రవిప్రకాష్ బాగా నప్పింది. బొమ్మ ఫైలు పేరు, స్క్రిప్టు ఫైలు పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి, లేకపోతే మెనూలో ఆ చోట ఖాళీగా ఉంటుంది. గేమ్ బొమ్మలకు డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్5 నొక్కితే స్క్రీన్‌షాట్ వస్తుంది, అది చాలు.

మిగిలింది రోడ్ రాష్. 1996 నాటి విండోస్ వెర్షన్, నెట్ సెంటర్లో గంట డబ్బులన్నీ తినేసిన గేమ్. విండోస్ 95 కాలంది కాబట్టి డాస్‌బాక్స్ దారి దానికి సరిపోదు, ఇప్పటి విండోస్‌లో సరిగ్గా లేవడానికే వేరే ఏర్పాట్లు కావాలి. దాన్ని ముందు బల్ల మీది కంప్యూటర్‌లో ఆడి చూసి, తెల్ల బటన్‌తో శుభ్రంగా మూతపడుతోందని తేలాకే క్యాబినెట్‌లోకి తెస్తాను. ఈలోగా కప్‌హెడ్ స్క్రిప్టుని కాపీ చేసి, గేమ్ తెరిచే లైను, ప్రాసెస్ పేరు మార్చి దాని కోసం ఒకటి సిద్ధంగా ఉంచాను.