బుడమేరు నీళ్లలో ఓ ఆదివారం

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగిన వరదలో, విజయవాడ సింగ్‌నగర్‌లో మేడ మీద మూడు రాత్రులు గడిపినవాణ్ణి. బుడమేరు పేరెత్తితేనే ఒళ్లు మండేది. అలాంటిది మొన్న నవంబరులో ఓ ఆదివారం పొద్దున్నే, నీళ్లలో పురుగులు చూడ్డానికి జువాలజీ మాస్టారి వెంట బయల్దేరితే మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

ఇబ్రహీంపట్నంలో ఇడ్లీలు తిని, జి.కొండూరు అవతల బుడమేరులో కలిసే ఓ వాగు దగ్గర దిగాం. ఆరుగురు కాలేజీ పిల్లలు, మాస్టారు, నేను. సరంజామా అంటే ఓ వల, తెల్ల ట్రేలు, భూతద్దం, అంతే. ఒకరు నీళ్లలో దిగి కాళ్లతో రాళ్లు కెలకాలి, దిగువన ఇంకొకరు వల ఒడ్డి పట్టాలి. కెలికే పని నాకొచ్చింది.

ట్రేలో ముందు బురదే. నీళ్లు తేటపడ్డాక చెత్త అనుకున్నదంతా కదిలింది! వెంట్రుకల్లాంటి మూడు తోకలతో మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు. పొట్టకు అటూ ఇటూ రెపరెపలాడేవి మొప్పలట. రెక్కలొచ్చాక వీటికి తిండే ఉండదు, బతికేది గంటలో రోజో. ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకున్న కాడిస్ పురుగు ఇంకొకటి. తూనీగ పిల్లయితే గడ్డం కింద మడిచిపెట్టుకున్న పెదవిని చటుక్కున చాచి పక్కదాన్ని లాగేసింది. దాని దగ్గరే అరగంట కూర్చున్నాను.

"చేపలా బాబూ?" మేకలు తోలుకొచ్చిన తాత అడిగాడు.

"పురుగులు తాతా."

"పురుగులున్న నీళ్లు తాగుతారటయ్యా!"

"ఏ పురుగో చూడాలి పెద్దాయనా," అన్నారు మాస్టారు. సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి, రాత్రి ఎవరో ఏదో వదిలేస్తే తెల్లారేసరికి కొట్టుకుపోతుంది. పురుగులు వారాలూ నెలలూ అక్కడే ఉంటాయి కాబట్టి ఏం జరిగినా వాటి మీద పడుతుంది. అందుకే నీళ్లెంత శుభ్రమో తేల్చడానికి, అందులో దొరికిన ఒక్కో పురుగుల కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులేసే పద్ధతి ఉంది. మురికికి తట్టుకోలేనివాటికే ఎక్కువ మార్కులు.

సాయంత్రం మా వంతెన దగ్గర అదే వల వేశాం. గుర్రపుడెక్క, కంపు. ట్రేలో ఎర్ర దారాల్లాంటి పురుగులు తప్ప ఇంకేమీ లేవు. ఊపిరాడని బురదలోనూ బతకడానికి వీటికి మనలాగే హిమోగ్లోబిన్ ఉందట, ఎరుపు అందుకే. పెరిగితే దోమల్లా ఉంటాయిగానీ కుట్టవు.

"మా ట్యూబ్‌లైటు కింద రోజూ రాలేవి ఇవేనా మాస్టారూ?"

"చాలామటుకు ఇవే."

రాత్రి మా ఆవిడ బాల్కనీ ఊడుస్తోంది. "ఆగు, భూతద్దం తెస్తా" అన్నాను.

"బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు చూసింది చాల్లేదా?" అని చేటలోకి ఎత్తేసింది.