కళ్లు మూసుకోగానే లేచిన అల

తలపై ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలైంది. ఎవరి సాయం లేకుండా మొత్తం రికార్డింగ్ నేనే చేయడం ఇవాళే మొదటిసారి.

రికార్డింగ్‌కు వచ్చిన మనిషికి ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి ఒక్కో ఎలక్ట్రోడ్ కింద జెల్ నింపడానికే దాదాపు గంట పట్టింది. కుడి చెవి వెనక ఉన్నది ఎంతకీ సరిగ్గా ఆనలేదు. చాలా టెన్షన్ పడ్డాను. అంతా కుదిరాక, "ఇక కళ్లు మూసుకోండి" అన్నాను. క్షణాల్లో తల వెనక భాగపు చానెళ్లలో (ఒక్కో ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే సంకేతాల్లో) సెకనుకు దాదాపు పదిసార్లు ఊగే అల లేచింది. కళ్లు తెరవగానే అణగిపోయింది. అదే ఆల్ఫా. 1924లో మనిషి మెదడు తరంగాలను మొదటిసారి నమోదు చేసిన హాన్స్ బెర్గర్ వర్ణించిన అల. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఎదురుగా కూర్చున్న మనిషిలో చూస్తే ఒళ్లు పులకరించింది.

తర్వాత శబ్దాల ప్రయోగం. ఒకే శబ్దం పదేపదే, మధ్యలో అరుదుగా వేరేది. ఆ వేరే శబ్దం వినిపించిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో వచ్చే స్పందన కొన్ని మైక్రోవోల్టులే. ఒక్క రెప్పపాటు దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. అందుకే చాలా స్పందనలను కలిపి సగటు తీయాలి. కలిపే స్పందనలు నాలుగు రెట్లు చేస్తే నాయిస్ (మనకు అక్కర్లేని సంకేతాల గజిబిజి) సగమే తగ్గుతుంది, ఓపిక తప్పదు. మెదడులో రక్తప్రవాహపు మార్పులను చూసే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ స్పందన వచ్చిన చోటును బాగా చూపిస్తుంది, నిజమే. కానీ రక్తప్రవాహం కొన్ని సెకన్లు వెనకబడుతుంది. ఆలోచన జరిగే వేగాన్ని పట్టుకోవాలంటే నాకు ఈ జెల్ టోపీయే కావాలి.

రేపు ఆ కుడి చెవి చానెల్‌ను మళ్లీ చూడాలి.